పాత వాషర్ సాక్ష్యం

మా ఇంట్లో బండి నడిపేది మా ఆయన, దానికి ఆయిల్ మార్చేది నేను. మా నాన్నగారికి రావులపాలెంలో మెకానిక్ షెడ్డుండేది. ఇంజను అడుగున ఆయిల్ దించే బోల్టుకి ఉంగరమంత వాషర్ ఒకటి ఉంటుంది. "అది నలిగితేనే ఆయిల్ ఆగుతుందమ్మా. ఒకసారి నలిగింది మళ్ళీ పనికిరాదు, పారెయ్" అనేవారు.

అందుకే స్పేర్ పార్టుల కొట్లో రాగిదా, అల్యూమినియందా అని ఒక్కో వాషర్నీ వెలుతురుకి పెట్టి చూస్తాను. కొట్టాయన విసుక్కుంటాడు.

"పట్టుచీరక్కూడా ఇంతసేపు చూడరండి."

"చీర కారదు కదండీ" అంటాను.

పోయినేడు మా ఆయన కాలి వేలికి పుండు పడి, మానడానికి మూడు నెలలు పట్టింది. షుగరు. ఇంకొంచెం ముదిరితే వేలు తీసెయ్యాల్సి వచ్చేదని డాక్టరుగారు అన్నారు. ఈయన ఇంటికి రాగానే ఇక తీపి ముట్టనని దేవుడి పటం ముందు ఒట్టేశారు. రెండు నెలలకే షుగరు మళ్ళీ పెరిగింది. అడిగితే టెస్టు చేసే మిషను మంచిది కాదన్నారు.

ధవళేశ్వరం నుంచి రాజమండ్రి ఆఫీసుకి వెళ్ళే దారిలో వేడివేడి మడత కాజాలు అమ్మే కొట్టొకటుంది. నా అనుమానమంతా దాని మీదే.

ఈసారి ఆయిల్ మార్చినప్పుడు కొత్త రాగి వాషర్ని పోపులడబ్బాలో దాచి, నలిగిన పాతదాన్నే మళ్ళీ బిగించాను. వాకిట్లో నిలబెట్టి చూస్తే రెండు నిమిషాలకొక చుక్క పడింది. నాకు కావలసింది అంతే. బండి ఎక్కడ ఆగితే అక్కడ గుర్తు పడుతుంది. ఇంజను పాడవకుండా రోజూ ఆయన స్నానానికి వెళ్ళగానే ఆయిల్ చూసి, తగ్గినంత పోసేదాన్ని. మా నాన్నగారు చూసుంటే చెవి మెలిపెట్టేవారు.

కూరగాయల వంకతో షేర్ ఆటో ఎక్కి మూడు రోజులు ఆ దారంతా చూశాను. ఆఫీసు ముందు నల్లటి మరక. టీ బడ్డీ దగ్గర రెండు చుక్కలు. కాజాల కొట్టు ముందు మాత్రం ఒక్కటంటే ఒక్కటి లేదు. నాకు సిగ్గేసింది. ఒట్టు నిలబెట్టుకున్న మనిషిని దొంగలా వెంటాడానే అనుకుని, ఆ రోజు ఆయనకిష్టమైన గుత్తివంకాయ చేశాను.

ఆదివారం కొత్త వాషర్ వేద్దామని, స్పానర్ కోసం బండి పక్క డబ్బా తెరిచాను. అందులో మడిచిపెట్టిన అట్ట ఒకటి ఉంది. విప్పితే ఒకవైపు కాజాల కొట్టు పేరు, రెండోవైపు వరసగా ఆయిల్ చుక్కలు. పందొమ్మిది. కారడం కనిపెట్టి, ఆ కొట్టు ముందు ఆగినప్పుడల్లా మా ఆయన బండి కింద కాజాల పెట్టె మూత పరిచారన్నమాట. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అనలేదు. ముందు పడీపడీ నవ్వాను. తర్వాత ఆ వేలు గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

కొత్త వాషర్ బిగించేశాను. మధ్యాహ్నం ఆ అట్టని బల్ల మీద పరిచి, దాని మీద ఆయన కంచం పెట్టాను.

"బండి బాగయిందా?" అంటూ వచ్చి కూర్చోబోయి, అట్టని చూసి దొంగకి తేలు కుట్టినట్టు ఆగిపోయారు.

"పాత వాషర్ బిగించింది నేనేనండి" అన్నాను. "ఇప్పుడు కొత్తది వేశాను. బండి కారదు. ఇక మీ ఇష్టం."

ఆయన కూర్చుని, అన్నం సగం తీసి గిన్నెలో వేసేశారు. తిన్నంతసేపూ తలెత్తలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి ఆ అట్టని నాలుగు ముక్కలు చేశారు.

"ఆ పాతదే మళ్ళీ పెట్టవే. కొత్తదుంటే రేపు సాయంత్రం నేనక్కడ ఆగుతాను" అన్నారు.

వాషర్ ఎంపికలో నా మాట కాదని ఎవరైనా నెగ్గడం అదే మొదటిసారి. పాతదాన్ని చెత్తబుట్టలోంచి తీసి, కడిగి, మళ్ళీ స్పానర్ పట్టుకున్నాను.