అబలోన్ పథ్యం

మా ఇంట్లో గుడ్డు కూడా ఉడికేది కాదు. అలాంటి ఇంట్లో అబలోన్ వండిన ఘనత నాది.

ఐటీ ఉద్యోగాలు జోరుగా ఉన్న రోజుల్లో పెళ్ళయి సింగపూర్ వచ్చాను. పుంగ్గోల్‌లో ఫ్లాట్, వన్-నార్త్‌లో మా ఆయన ఆఫీసు. ఎదురింట్లో ఒంటరిగా ఉండే చైనీస్ ఆంటీ, వాళ్ళ కొత్త సంవత్సరానికి నా చేతిలో ఒక డబ్బా పెట్టింది. దాని మీద రాతలన్నీ చైనీస్‌లోనే. మా ఆయన బొమ్మ చూసి, "పుట్టగొడుగులే, గ్యారంటీ" అని తేల్చేశారు. ఇంజనీరు కదా అని నమ్మాను. అల్లం వెల్లుల్లి వేసి, మసాలా దట్టించి కూర చేశాను. కాస్త సాగినా బాగుందనే తిన్నాం.

మర్నాడు ఆంటీకి మష్రూమ్ బాగుందని చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది. "నో మష్రూమ్ లా! సీ స్నెయిల్!" అంటూ బాత్రూంలోంచి తన సబ్బు పెట్టె తెచ్చి చూపించింది. అది ఆ సముద్రపు నత్త చిప్పేనట. బయట గరుకు రాయి, లోపల నీలం, ఆకుపచ్చ, గులాబీ మెరుపులు. పండగపూట బాగా కావలసిన వాళ్ళకే అబలోన్ ఇస్తారట. నేను ఇంట్లోకి పరిగెత్తి కక్కేశాను. తలస్నానం చేసి, ఆ గిన్నెను చింతపండుతో తోమి తోమి చివరికి పారేశాను. మా ఆయన మాత్రం కూర ఏదైనా సరే, "ఇవాళా పుట్టగొడుగులేనా?" అని ఏడిపించేవారు.

ఆ ఏడే నెల తప్పాను. ఐదో నెలలో బిడ్డ పోయింది.

పురిటికి వస్తానని అమ్మ అప్పటికే శొంఠి కొట్టించి పెట్టింది. ఫోన్లో ఏడుస్తూనే, "ఇప్పుడొచ్చి నేనేం చెయ్యనే తల్లీ! నలుగురితో అనకు. మళ్ళీ నిలుస్తుందిలే" అంది. ఆ మాటకి నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. బిడ్డ ఉంటేనే బాలింత. లేకపోతే జ్వరం వచ్చి తగ్గినట్టే లెక్క. నా ఒంటికి ఆ లెక్క తెలియదు కాబోలు, ఆసుపత్రి నుంచి వచ్చాక పాలు పడ్డాయి. జాకెట్టు తడిసిపోతుంటే మంచం మీద కూర్చుని ఏడ్చాను. మా ఆయన ప్రాజెక్టు పనుందని ఆఫీసుకు వెళ్ళిపోయారు. ఉండి మాత్రం ఏం చేస్తారు? ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోతున్నాం.

ఆ మధ్యాహ్నం ఆంటీ రెండు గిన్నెలతో వచ్చింది. వస్తూనే ఫ్యాను ఆపింది, కిటికీ మూసింది, నా కాళ్ళకు మేజోళ్ళు తొడిగింది. చెవుల్లో దూది ఒక్కటే తక్కువ. "నో బేబీ, బట్ యూ ఆల్సో మదర్. మస్ట్ రెస్ట్ వన్ మంత్. చల్ల నీళ్ళు నో టచ్" అంది. నా దగ్గర నేర్చుకున్న తెలుగు ముక్కలు అవే.

ఒక గిన్నెలో నిజం పుట్టగొడుగులు, అల్లం వేసిన చారు. అది నా కోసం. రెండో గిన్నె తనకట. అందులో అబలోన్. బిడ్డకు నెల నిండినప్పుడు వాళ్ళ పద్ధతిలో విందు చేద్దామని ఆ డబ్బా కొని దాచిందట. ఇక దాచి ఏం లాభమని ఇవాళ తెరిచానని చెప్పింది.

నేను రెండో గిన్నె అడిగాను. ఆంటీ వద్దంది, మా దేవుడికి కోపం వస్తుందంది. నేను వినలేదు. ఈ లోకంలో నా బిడ్డ కోసం ఎవరైనా దాచిన వస్తువు అదొక్కటే. మరొకరిని ఎలా తిననిస్తాను? తెలిసే తిన్నాను. అడుగున మిగిలిన చారు కూడా తాగాను. కడుపులో తిప్పలేదు.

ఆంటీ ఖాళీ గిన్నె అందుకుని, నా పక్కనే కూర్చుని, "బాయ్ ఆర్ గర్ల్?" అని అడిగింది.

అప్పటిదాకా ఆ మాట ఎవరూ అడగలేదు. అమ్మ కూడా.

"గర్ల్, ఆంటీ" అన్నాను.