పిల్లలెంతమంది అని అడిగితే

నరసరావుపేటలో ఎవర్నీ అడక్కుండా బోర్డు నేనే చదువుకుని మాచర్ల బస్సెక్కాను. ఒక అమ్మాయి పక్కన సీటు ఖాళీగా ఉంటే కూర్చున్నాను. అటుపక్క సీట్లో ఉన్న ఆమె అత్త, "నీకు పిల్లలెంతమందమ్మా?" అని అడిగింది. లేరన్నాను.

"అయితే లేచి వేరేచోట కూర్చో. మా కోడలికి ఇయ్యాలే ఆసుపత్రిలో కడుపులో పిండం పెట్టారు. ఇంతకుముందు రెండుసార్లు నిలవలా."

అలవాటుగా లేవబోయాను. ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"కూర్చో పిన్నీ. అత్తా, ఆ రెండుసార్లూ నా పక్కన కూర్చుంది పిల్లలతల్లులేగా? ఈసారి ల్యాబులో ఇంకాస్త ఎదగనిచ్చి పెట్టారు. గాజు గిన్నెలో బతికిన బిడ్డ పిన్నిని చూసి పోద్దా ఏంది?"

అత్త మూతి తిప్పుకుంది. వాళ్లు పిడుగురాళ్లలో దిగేదాకా ఆ అమ్మాయి నా చెయ్యి వదల్లేదు. ఆమె అరచెయ్యంతా చెమటే.

ఆమెకు నిలిచిందో లేదో నాకు తెలియదు. ఆ తర్వాత పిల్లలెంతమందని ఎవరడిగినా నేను మాత్రం సీట్లోంచి లేవలేదు.