మా అక్క కూత

జపాన్‌లో ఓ రేవు పట్నంలో, పొద్దుట్నించి కాళ్ళీడ్చుకుంటూ తిరిగి తిరిగి ఓ సందు మలుపు తిరిగానో లేదో, ఎండు మెత్తళ్ళ వాసన గుప్పున కొట్టింది. సన్నటి చేపల్ని వెదురు చేటల్లో ఆరబోసుకుని ఓ ముసలమ్మ కూచునుంది. ఆవిడ భాష నాకు రాదు, నా భాష ఆవిడకి రాదు. నా మొహం చూసి పాపం అనుకుందేమో, పక్కనున్న చిన్న స్టూలు చూపించింది. హమ్మయ్య అని కూలబడ్డాను.

నేనొచ్చింది రొయ్యల ఎగుమతి పని మీద. అది నిన్నటితో అయిపోయింది. ఊరంతా ఆసియా క్రీడల హడావిడి. ఏ రోడ్డుకెళ్ళినా అడ్డుకర్రలు, ఏ మూలకెళ్ళినా వంగి వంగి దణ్ణాలు పెడుతూనే వెనక్కి పంపేసే కుర్రాళ్ళు. స్టేడియానికి దారడిగితే ఒకళ్ళు రైలెక్కమంటారు, ఇంకొకళ్ళు దిగమంటారు. ఈ మోకాళ్ళతో నాకెందుకొచ్చిన తిరుగుడు, హాయిగా హోటల్లో పడుకోక! కానీ బయల్దేరేటప్పుడు మా అక్క నాగరత్నం ఒక్కటే అడిగింది: “ఆడపిల్లల కబడ్డీ ఉందంటగా. నా కళ్ళకి టీవీ ఆనట్లేదు. వాళ్ళు కూతకెళ్తుంటే ఫోన్లో వినిపించరా తమ్ముడూ.” అక్క నన్నేదైనా అడగటం నాకు తెలిసి అదే మొదలు.

మాది నాగాయలంక దిగువన, సముద్రంలో చేపలు పట్టేవాళ్ళ పేట. ఎండాకాలం పొద్దున్నే చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుని, నిప్పుల మీద కాల్చిన ఉప్పుచేప ముక్క బుగ్గన పెట్టుకుని ఇసకలోకి పరిగెత్తేవాళ్ళం. అప్పటికే నాన్నా బాబాయిలూ తాటాకు పందిరి కింద వలల చిరుగులు అల్లుకుంటూ, చుట్టలు వెలిగించుకుంటూ, మమ్మల్ని అదిలిస్తూ ఉండేవాళ్ళు. గంగమ్మ జాతర రోజులైతే అందరి చేతుల్లోనూ చలిమిడీ, వడపప్పూ. తెడ్డుతో ఇసకలో గీత గీసి చెడుగుడు మొదలెట్టేవాళ్ళం. లంగా ఎగ్గట్టి అక్క గీత దాటిందంటే మగపిల్లలకి సగం ప్రాణం పోయేది. ఇద్దర్ని ముట్టుకుని, మూడోవాడు కాళ్ళు పట్టి పడేసినా కూత తెగనిచ్చేది కాదు, ఇసకలో మొహం కూరుకుపోయినా ‘చెడుగుడు చెడుగుడు’ అంటూనే పాక్కుంటూ వచ్చి గీతనందుకునేది. బాబాయిలు వలలు పక్కన పెట్టి ఈలలేసేవాళ్ళు. “ఇది మగపుట్టుక పుట్టాల్సిందిరా” అని నాన్న మురిసిపోయేవాడు.

ఓ ఎండాకాలం అక్క ఇసకలోకి రాలేదు. పెద్దమనిషయిందని పేరంటం చేశారు, చిమ్మిలి పంచారు. ఆ సంబరమయ్యాక వస్తుందిలే అనుకున్నాను. గడపలో కూచుని మా ఆట చూసేది, పెదాలు మాత్రం కదిలేవి. “రావే అక్కా, ఓడిపోతున్నాం” అని చెయ్యి పట్టుకు లాగితే, అమ్మ నా వీపు విమానం మోత మోగించింది. అక్క ఎందుకు మానేసిందో నాకెవరూ చెప్పలేదు. చిన్నపిల్లాణ్ణి, నేనూ అడగటం మానేశాను.

ముసలమ్మకి దణ్ణం పెట్టి లేచి, పడుతూ లేస్తూ మొత్తానికి స్టేడియం చేరాను. మన పిల్లలు నిక్కర్లేసుకుని, జంకూ గొంకూ లేకుండా అవతలి జట్టు మీదికి దూకుతున్నారు. అక్కకి ఫోన్ కలిపి చెయ్యెత్తి పట్టుకున్నాను. ఏం లాభం! డప్పులు, పాటలు, మైకులో గోల. పక్కవాడి మాటే వినపడదు, ఇక కూతెక్కడ? చెయ్యి లాగేస్తున్నా దింపలేదు. ఏడుపొచ్చినంత పనైంది. ఆట సగంలో లేచి నడవాలోకొచ్చాను.

“వినపడలేదు కదక్కా?”

“లేదులే. ఒరేయ్, ఆ పిల్లలకి పెళ్ళిళ్ళయ్యాయా?”

“కొందరికయ్యాయి. ఒకమ్మాయి వాళ్ళాయనంట, చంటిదాన్నెత్తుకుని నా ముందు వరసలోనే కూచున్నాడు.”

అటునుంచి రొయ్యల చెరువుల మోటార్ల చప్పుడొకటే వినపడుతోంది. మేం ఆడిన ఇసకంతా ఇప్పుడా చెరువులే. గీత గీద్దామన్నా కాస్త నేల మిగల్లేదు.

“అమ్మ అప్పుడేమందో తెలుసా?” అంది అక్క. “పెద్దమనిషయ్యాక కూత పెడితే కడుపు పండదే అంది. భయపడి మానేశాను.”

“పోన్లే అక్కా” అన్నాను.

“ఎలాగూ పండలేదుగా” అంది. “ఆడుకునుంటే పోయేదిరా.”