చూశానని చెప్పిన మనిషి

మా చేపల అత్త పోయిందని మొన్న పొద్దున్న ఆమె కోడలు ఫోన్ చేసి చెప్పింది. అత్త నాకు చుట్టం కాదు. అనకాపల్లి బజార్లో చేపలమ్మేది. నేనింకా విలేకరిగా పని చేస్తున్నానంటే ఆమె వల్లే.

కొన్నేళ్ళ కిందట కశింకోట వైపు ఒక చెరువు కబ్జా గురించి రాశాను. వారం రోజులు ఫోన్లో బూతులు తిట్టారు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం చేపల బజారు దగ్గర ఇద్దరు బైకు అడ్డం పెట్టారు. "ఆడదానివి, నీకెందుకే రాతలు?" అంటూ ఒకడు జుట్టు పట్టి ఈడ్చాడు. చున్నీ మెడకు బిగించాడు. రెండోవాడు హెల్మెట్‌తో మూతి మీద కొట్టాడు. ముందు పన్ను విరిగి నోరంతా రక్తం. చుట్టూ ఉన్నవాళ్ళు కదల్లేదు. అత్త మాత్రం చేపలు కోసే కత్తితో పరిగెత్తుకొచ్చింది.

"ఒగ్గీరా పిల్లని! నరికేత్తాను!"

వాళ్ళు పారిపోయారు. పోలీసులొస్తే దుకాణాల వాళ్ళంతా ఏమీ చూడలేదన్నారు.

"నాను సూసేను. రాసుకోండి బాబూ," అంది అత్త.

కేసు కోర్టుకొచ్చే ముందు ఎవరో ఆమెను దారి కాసి, ఇనప రాడ్డుతో కుడి చెయ్యి విరగ్గొట్టారు. ఆస్పత్రిలో ఆమె మంచం పక్కన కూర్చుని ఏడ్చాను.

"నా కోసం వద్దత్తా. సాక్ష్యం మానెయ్."

"నీ కోసమేటే? రేపు నా మనవరాలు ఆ దారమ్మటే కదేటి ఎల్లాల? సెయ్యిరిగింది గానీ, కళ్ళు పోనేదు కదా."

కోర్టులో వాళ్ళ లాయరు అడిగాడు: "అంత గొడవలో మొహాలు ఎలా గుర్తున్నాయి?"

"సేపలమ్మేదాన్ని బాబూ. ఒక్కసారి బేరమాడినోడి మొగం కూడా మర్సిపోను. ఆడే, ఈడే," అని ఇద్దర్నీ చూపించింది.

ఇద్దరికీ జైలు పడింది. అయినా వెనక బైకు చప్పుడైతే నాకిప్పటికీ ఒళ్ళు బిగుసుకుపోతుంది. ఆ సంగతి చెబితే అత్త ధైర్యం చెప్పేది కాదు. "నాకూ బయమేనే," అని పక్కన నడిచేది.

సాక్ష్యం చెప్పిన రోజు కోర్టు బయటికొచ్చాక అత్త ఆకలేస్తోందంది. ఎదురుగా ఇడ్లీ బండి దగ్గర కూర్చున్నాం. రోడ్డవతల ఆ ఇద్దరి మనుషులు ఐదారుగురు నిలబడి మమ్మల్నే చూస్తున్నారు. వెళ్ళిపోదామన్నాను. అత్త స్టూలు వాళ్ళ వైపు తిప్పుకుంది. అలవాటు లేని ఎడం చేత్తో, చట్నీ మోచేతి దాకా కారుతుంటే, వాళ్ళను చూస్తూనే నాలుగిడ్లీలూ నిదానంగా తింది.