అతిథి పిలిస్తేనే వంటవాడు వచ్చే హాలు

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. నేను చదివిన ఏ కథలో పెద్ద హోటల్ వచ్చినా, అది ఏ దేశానిదైనా, నా కళ్ళకు కట్టేది మా భిలాయిలోని బడా హోటలే. అదీ వంటింటి వైపు నుంచి. చిన్నప్పుడు వంటింటి ఊగే తలుపుకున్న గుండ్రటి అద్దం మీద ఆవిరి తుడుచుకుని డైనింగ్ హాలు చూసేదాన్ని. తర్వాత చదివిన కథల్లోని దొరసానులు, దొంగలు, ప్రేమికులు అందరూ నాకు ఆ అద్దం అవతలే తిరిగారు.

అమ్మ నాన్న, అంటే మా తాత, ఆ హోటల్లో వంట చేసి రిటైరయ్యాడు. అందులో ఒక్కరోజు కూడా కూర్చుని తినలేదు. చాన్నాళ్ళు మూతపడి ఉన్న హోటల్‌ను బాగుచేసి మళ్ళీ తెరుస్తూ, పాత సిబ్బందిని భోజనానికి పిలిచారు. భిలాయిలోనే ఉంటున్న తాత వెళ్ళనన్నాడు. "నేను వెళ్ళి తీసుకెళ్తాను" అన్నాను. అమ్మ నవ్వింది. "నువ్వా? ఆటోవాడితో బేరం కూడా నాచేతే ఆడిస్తావు."

విశాఖలో సాయంత్రం రైలెక్కి పొద్దున్న రాయపూర్‌లో దిగాను. స్టేషన్లో పోహా తిని, లోకల్ పట్టుకున్నాను. మన వైపు నుంచి వచ్చేవాళ్ళకు ఇదే సుఖం. టికెట్ టీ ఖరీదుకు కాస్త ఎక్కువ, కిటికీ పక్క సీటు దొరికితే అదృష్టం. నా ఎదురుగా కూరల గంపతో, ఉతై అనే పక్క ఊరావిడ కూర్చుంది. ఎక్కడికని అడిగితే, హోటల్లో భోజనానికి అన్నాను.

"విశాఖ నుంచా? ఘర్ మే చూల్హా నహీ హై క్యా, దీదీ?"

ఇంట్లో పొయ్యి లేదా అని ఆవిడ అడిగేసరికి పెట్టె అంతా నవ్వింది. నేనూ నవ్వాను, కిటికీ వైపు తిరిగి. భిలాయి-3 స్టేషన్ దాటాక ఉక్కు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనిపించాయి. పవర్ హౌస్ స్టేషన్లో దిగి తాత ఇంటికి ఆటో ఎక్కాను.

తాత గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చున్నాడు.

"ఎల్లనని సెప్పేను గదేటి?"

"మరి ఈ చొక్కా ఏమిటి తాతా?"

"నువ్వొస్తన్నావని. హోటల్ కోసం కాదు." అంటూనే ఆటో ఎక్కాడు.

దారిలో తాత చెప్పిన చరిత్ర ఇది. ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో రష్యా ఇంజనీర్ల కోసం ఆ హోటల్ కట్టారు. చుట్టూ ఎర్రమట్టి, డేరాలు. హాల్లో మాత్రం తెల్లటి టేబుల్ గుడ్డలు. వాళ్ళకు పుల్లటి బీట్‌రూట్ సూప్ కావాలి. పులుపంటే చింతపండేగా అనుకుని, శ్రీకాకుళం నుంచి వచ్చిన మా వంటవాళ్ళు చింతపండు పులుసు పోసి, ఆవాలు, ఇంగువ పోపు పెట్టేశారు. తిడతారనుకుంటే దొరలు గిన్నెలు ఖాళీ చేసి ఇంకా అడిగారు. అప్పటి నుంచి అది లాల్ సూప్. దొరలు వెళ్ళిపోయాక మంత్రులు తిన్నారు, సినిమావాళ్ళు తిన్నారు, పెళ్ళిళ్ళవాళ్ళు తిన్నారు.

పోర్టికో ముందు ఆటో ఆగింది. నేను డబ్బులిచ్చి తిరిగి చూస్తే తాత లేడు. లోపల హాలు నిండిపోయింది. మేనేజర్ "దాదాజీ కహా హై?" అని నన్నే అడుగుతున్నాడు. నాకు తట్టింది. భవనం చుట్టూ తిరిగి వెనక గేటుకు పరుగెత్తాను.

వంటింటి గుమ్మం బయట తాత చెప్పులు ఉన్నాయి. లోపల భుజాన తువ్వాలు, చేతిలో గరిటె.

"ఈ కుర్రోళ్ళు సూపులో నిమ్మకాయ పిండుతున్నారే! ఆపి చింతపండు పోయించేను."

"తాతా, నీ కోసం హాల్లో కుర్చీ వేసి ఉంచారు."

"నాకిక్కడే ఓ గిన్నెడు సాలు. అతిథి పిలిస్తేనే వంటోడు హాల్లోకి ఎల్లాలి. పిలవకుండా ఎల్లకూడదు. అది పద్ధతి."

బతిమాలాను. చెయ్యి పట్టుకుని లాగాను. పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు.

ఊగే తలుపు తోసుకుని నేనొక్కదాన్నే హాల్లోకి వెళ్ళాను. ఖాళీగా ఉన్న మా టేబుల్ దగ్గర కూర్చున్నాను. సూప్ వచ్చింది. ఒక చెంచా తాగాను. వడ్డించే భయ్యాను పిలిస్తే మొదటిసారి నాకే వినపడలేదు. రెండోసారి పిలిచాను, కాస్త గట్టిగానే. పక్క టేబుళ్ళవాళ్ళు తిరిగి చూశారు.

"ఈ సూప్ చేసినవాళ్ళను పిలవండి."

"కోయీ శికాయత్ హై, మేడమ్?"

"ఫిర్యాదేం లేదు. అతిథి పిలుస్తోందని చెప్పండి."

తువ్వాలుకు చేతులు తుడుచుకుంటూ, ఏ తప్పు దొర్లిందోనన్న ముఖంతో, వట్టి కాళ్ళతో తాత వచ్చాడు. నన్ను చూసి ఆగిపోయాడు.

"నువ్వేటే పిలిచింది?"

"అతిథిని నేనే. సూప్ చాలా బాగుంది. కూర్చోండి."

"కూకోమన్నోళ్ళు ఎవులూ లేరే, ఇన్నేళ్ళలో."

"నేను అంటున్నాను."

లేచి కుర్చీ వెనక్కి లాగాను. పక్క టేబుల్ నుంచి ఒక రిటైర్డ్ ఫోర్‌మన్ లేచి, "అరే, లాల్ సూప్‌వాలే రావుజీ!" అని చప్పట్లు కొట్టాడు. హాలంతా లేచింది. తాత నన్నూ, కుర్చీనీ, హాలునూ చూసి, నిదానంగా కూర్చున్నాడు. రుమాలు ఒళ్ళో పరుచుకున్నాడు. సూప్, అన్నం, చేప వేపుడు, కస్టర్డు, ఏదీ వదల్లేదు. వడ్డించే భయ్యాను రెండుసార్లు పిలిచి నీళ్ళు అడిగాడు, అచ్చం అతిథిలాగే.

మర్నాడు పొద్దున్నే దుర్గ్‌లో నా రైలు. మీరు భిలాయి వెళితే ఆ హోటల్లో మధ్యాహ్నం భోజనం చేయండి. అప్పుడు పడమటి కిటికీల్లోంచి వెలుగు బాగుంటుంది. లోపల కూర్చుని చూస్తే అది నేననుకున్నంత పెద్ద హాలేం కాదు. అయినా ఇకమీదట కథల్లో హోటల్ వస్తే నేను టేబుల్ దగ్గరే ఉంటాను.

రైలు కదలబోతుంటే కిటికీ చువ్వలు పట్టుకుని తాత అన్నాడు:

"వచ్చే నెల మీ అమ్మని తీసుకురా. టేబిల్ నాను సెప్పి ఉంచుతాను."