జెఫన్యా తాత ‘ఆమెన్’

మా చిమ్వాలా ఊళ్ళో జెఫన్యా తాత కళ్ళు మూసుకుని “ప్రభువా” అన్నాడంటే, ఎదురుగా పొగలు కక్కుతున్న న్సీమా ముద్ద మీద ఆశ వదులుకోవలసిందే. మొక్కజొన్న పిండి ముద్ద చల్లారితే ఎలా ఉంటుందో తెలుసుగా, గోడకు కొడితే గోడ పగులుతుంది. సంఘపెద్ద ఆమెన్ అనేదాకా పళ్ళెంలో వేలు పెట్టకూడదన్నది మా చర్చి కట్టడి. ఆ కట్టడికి తోడు మా సంఘపెద్ద ఈయన!

ఆదాముతో మొదలుపెట్టేవాడు. నోవహు ఓడ ఎక్కేసరికి మాకు కడుపులో పేగులు అరిచేవి. ఒక పెళ్ళిలో ఆయన ప్రభువా అన్నప్పుడు గుడ్ల మీద కూర్చున్న పెట్ట, ఆమెన్ నాటికి పిల్లల్ని వెంటేసుకుని తిరిగిందని మా ఊళ్ళో చెప్పుకుంటారు. అది అబద్ధం. గుడ్లు పగలడం వరకే నేను చూశాను.

ఇంకో వింత ఏమిటంటే, ప్రార్థనలో ఆయన ఎడమ కన్ను సగం తెరుచుకుని వాగు బాట వైపు చూస్తుండేది. మెల్లకన్ను కాబోలనుకుని ఎవరూ అడగలేదు.

“ఆ ముసలాయన నన్ను ఆకలితో చంపేస్తాడే!” అని మా ఆవిడ తియమికె దగ్గర మొత్తుకునేవాణ్ణి.

“నాకేం బాధ? నేను వాగు నుంచి వచ్చి బకెట్టు దించేసరికి సరిగ్గా ఆమెన్ అంటాడు. నా వాటా చేప ముక్క నాకు దక్కుతోంది. నా అదృష్టం అలాంటిది!” అనేది తను.

వాగుకి పోయి రావడానికి గంటన్నర. తెచ్చేదేమో టీ రంగు నీళ్ళు. పోయినేడు వానల్లో విరేచనాలు పట్టుకుని మా చిన్నది చావు తప్పి బయటపడింది. అందుకే క్రైస్తవ సేవాసంస్థ వాళ్ళ బోరు బండి ఊళ్ళోకి వచ్చిన రోజున, బడికి సెలవిచ్చి పిల్లలకంటే ముందు నేనే పరుగెత్తాను.

ఊరికి మూడు చోట్లే చూస్తామన్నారు. రెండు చోట్ల దుమ్ము లేచింది. మూడో చోట యాభై మీటర్లు దింపినా దుమ్మే! రాడ్లు పైకి లాగేశారు.

“ఇక లాభం లేదు తాతా,” అన్నాడు బోరు మేస్త్రీ వైసన్. “రేపు వేరే ఊరు పోవాలి. ప్రార్థన చేసి పంపించండి.”

“తిని వెళ్ళండి నాయనా. ఆడవాళ్ళు మీకు వండిపెట్టి నీళ్ళకెళ్ళారు.”

“సరే, అయితే చిన్న ప్రార్థన చెయ్యండి.”

“చిన్నదే,” అన్నాడు తాత.

ఊరంతా గబగబా నేల మీద కూలబడ్డాం. పాపం వైసన్ కొత్తవాడు, టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

తాత వాళ్ళందరి తల్లుల్నీ దీవించాడు. రాడ్లను ఒక్కొక్కటిగా దీవించాడు. “ప్రభువా, ఎడమవైపు వెనక టైరు అరిగింది, దాన్ని కాపాడు” అన్నాడు.

వైసన్ నా చెవి దగ్గరకు వంగాడు. “మాస్టారూ, ఇంకా ఎంతసేపు?”

“కథలో ఎక్కడున్నాడు?” అన్నాను.

“మోషే ఏదో కొండ ఎక్కుతున్నాడు.”

“అయితే కూర్చోండి. దిగాలి కదా!”

గంట దాటింది. వాగు బాటలో దిబ్బ మీద బకెట్లు తలకెత్తుకున్న ఆడవాళ్ళు కనిపించారు. తాత యొర్దాను నది మధ్యలోనే ఇశ్రాయేలీయుల్ని వదిలేసి “ఆమెన్!” అన్నాడు.

తిమ్మిరెక్కిన కాలితో, విసుగుతో, వైసన్ ఒక గులకరాయిని తన్నాడు. అది దొర్లి బోరు గుంటలో పడింది. టక్ మనాలి.

బుడుంగ్ మంది!

వైసన్ బోర్లా పడుకుని గుంటకు చెవి పెట్టాడు. ఇంకో రాయి వేశాడు. బుడుంగ్!

“రాడ్లు దించండ్రా!” అని వెర్రికేక పెట్టాడు. “రాతి పగుళ్ళను దుమ్ము పూడ్చేసింది! ఇంతసేపూ ఊట ఊరుతూనే ఉంది! గంట ఆగకపోయుంటే తెలిసేదే కాదు!”

గుంటలోకి గాలి కొట్టారు. ముందు బురద, తరవాత ఎర్రనీళ్ళు, ఆ తరవాత తెల్లటి నీళ్ళు రిగ్గు కొస దాకా ఎగజిమ్మాయి! ఆడవాళ్ళు బకెట్లు వదిలేసి నాలుకలాడిస్తూ సంబరపు కేకలు వేశారు. నేను మాస్టార్నన్న సంగతి మరిచి బురదలో గంతులేశాను. ఎవరో నన్ను ముద్దు పెట్టుకున్నారు. వైసనే అనుకుంటాను.

మూడు వారాలకు చేతిపంపు బిగించి విందు పెట్టుకున్నాం. మేకమాంసం, అన్నం! ఈసారి నేను రెండు చిలగడదుంపలు ముందే తిని వచ్చాను. వైసన్ ఏకంగా స్టూలు తెచ్చుకున్నాడు.

తాత లేచాడు. “ప్రభువా, నీళ్ళకీ కూటికీ వందనాలు. ఆమెన్.”

ఎవరూ కళ్ళు తెరవలేదు. ఊపిరి పీల్చుకుంటున్నాడనుకున్నాం. నమిలిన చప్పుడు విని చూస్తే, తాత అప్పటికే ఎముక కొరుకుతున్నాడు.

“తాతా! ఒంట్లో బాగాలేదా?” అన్నాను కంగారుగా.

“నాకేమయ్యా, గుండ్రాయిలా ఉన్నాను. ఇంక ఎవరి కోసం ఆగాలి? వాగుకి వెళ్ళినవాళ్ళెవరూ లేరుగా. మీ ఆవిడ అదిగో, ఆడవాళ్ళ చాప మీదే ఉంది.”

చూశాను. పెళ్ళయిన పదకొండేళ్ళలో, విందు మొదలయ్యేటప్పటికి తియమికె చాప మీద కూర్చుని ఉండడం అదే మొదటిసారి. తను కూడా చేతిలో ముద్ద పట్టుకుని తాతనే చూస్తోంది. నాకు ఆ సగం కన్ను గుర్తొచ్చి సిగ్గేసింది.

“వాళ్ళొచ్చేదాకా ఆగండర్రా అని ఒక్క మాట చెబితే పోయేది కదా తాతా?”

“చెప్పానయ్యా, ముప్పై ఏళ్ళ కిందట. ఎవడు విన్నాడు? అందరికంటే ముందు చేప లాక్కున్నది మీ నాన్నే!” తాత ఎముక పక్కన పెట్టి, వేళ్ళు నాక్కుని, చేతులు జోడించబోయాడు. “ఏం, తింటారా? మళ్ళీ ఆదాము దగ్గర్నుంచి మొదలెట్టనా?”

ఊరు ఊరంతా ఒక్కసారిగా పళ్ళేలలో చేతులు పెట్టేశాం.