ఒకే బొమ్మలో రెండు గాలులు

నా చిన్నప్పుడు, పదకొండేళ్ల వయసులో, పక్కింటి అక్క వేస్తున్న బొమ్మను నేను చెడగొట్టాను. అక్కకూ నాకూ తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఇన్ని డైరీలు నింపాను గానీ దీన్ని మాత్రం ఎందులోనూ రాయలేదు.

మాది పులికాట్ సరస్సు ఒడ్డున చేపల వేటతో బతికే ఊరు. ఆ ఏడాది ఊళ్లో కొత్తగా సంఘం హాలు కట్టారు. గోడకు తగిలించడానికి నెల్లూరు నుంచి ఏదో జలపాతం ఫోటో తెద్దామని పెద్దలు అనుకుంటుంటే, మన సరస్సునే ఆయిల్ రంగుల్లో వేసిస్తానని పక్కింటి అక్క ముందుకొచ్చింది. అక్క వాళ్ల నాన్న మా బడి పంతులు. వరి పండే లోపలి ఊరి నుంచి వచ్చి మా ఊళ్లో స్థిరపడ్డారు. అక్క చెన్నైలో చిత్రకళ చదువుకుని అప్పుడే తిరిగొచ్చింది. మా తాతయ్య ఊరి పెద్ద. "ఎయ్యమ్మా. చూసినోళ్లు ఇది మన నీళ్లేనంటే తగిలిద్దాం. లేదంటే జలపాతమే" అన్నాడు.

అక్కకు ఆ మాట ప్రాణం మీదికి వచ్చినట్టే అయింది. ఊరు ఆ బొమ్మను ఒప్పుకోకపోతే రంగులు అటకెక్కించి కృష్ణపట్నంలో ఆఫీసు ఉద్యోగంలో చేరాలని వాళ్ల నాన్న ఆమె దగ్గర మాట తీసుకున్నారు. దరఖాస్తు కూడా నింపి పెట్టారు.

బడికి దసరా సెలవులు. పొద్దున్నే అక్క ఒడ్డున మూడు కాళ్ల స్టాండు నిలబెట్టి, దాని మీద క్యాన్వాసు బిగించేది. నేను గొడుగు పట్టుకుని పక్కన నిలబడేదాన్ని. ఎవరి ముందైనా నాకు మాట పెగలదని తెలిసి అక్క నన్ను ఏమీ అడిగేది కాదు. చేపల బుట్టలతో పోయే ఆడవాళ్లు మాత్రం ఊరుకునేవాళ్లు కాదు. "ఇన్ని నీళ్లు ముందరుంటే మళ్లా గుడ్డ మీద ఎందుకమ్మే?" అని ఒకామె అంటే, "ఎండాకాలం ఇవి ఎండిపోతాయి గదత్తా, అప్పుడొచ్చి నా దాంట్లో చూసుకో" అని అక్క నవ్వేది.

నాలుగో రోజుకు బొమ్మ దాదాపు పూర్తయింది. చూడగానే అందులో తప్పు నా కంటబడింది. మా దగ్గర నీళ్లలో పాతిన వెదురు గెడకు కట్టిన పడవ ఎప్పుడూ గాలికి ఎదురుగా మూతి తిప్పి నిలబడుతుంది. పొద్దున గాలి పడమటి నుంచి వస్తుంది, పొద్దెక్కాక తూర్పున సముద్రం వైపు నుంచి మళ్లుతుంది. గాలితో పాటు పడవలన్నీ తిరుగుతాయి. అక్క ఎడమ వైపు పడవల్ని పొద్దున్నే చూసి వేసింది, కుడి వైపువి ఎండ ఎక్కాక చూసి వేసింది. సగం పడవలు పడమరకు, సగం తూర్పుకు. మా ఊళ్లో ఐదేళ్ల పిల్ల కూడా దాన్ని చూసి నవ్వుతుంది.

చెబుదామంటే నోరు రాలేదు. అక్క అన్నానికి ఇంటికి వెళ్లినప్పుడు, ఒక్క పడవనైనా తిప్పుదామని కుంచె పట్టుకున్నాను. ఆయిల్ రంగు రోజులు గడిచినా ఆరదని నాకేం తెలుసు? తెలుపు పోయి పచ్చలో కలిసింది, పచ్చ పోయి నీళ్లలో కలిసింది. చూస్తుండగానే మూడు పడవలు బురద ముద్దయ్యాయి. హాలు తెరవడానికి మిగిలింది మూడు రోజులే.

అక్క వచ్చి చూసింది. కొడుతుందనుకున్నాను. ఎవరు చేశారని అడగలేదు. నా ముందు ఇసుకలో కూర్చుని, "ఎందుకు చేసినావు మే?" అంది. నా నోటి నుంచి "గాలి" అనే ఒక్క మాట వచ్చింది. మిగతాది వేలితో చూపించాను.

అక్క సరస్సు వైపు చూసింది, బొమ్మ వైపు చూసింది. పగలబడి నవ్వింది. "ఒకే బొమ్మలో రెండు గాలులు పెట్టినానా! మీ తాత చూసుంటే నన్ను నీళ్లలోకి తోసేసుండును." వెంటనే పలచటి కత్తి తీసి పడవల్ని గీకేయడం మొదలుపెట్టింది. నేను ఏడుపు అందుకున్నాను. "ఏడవబాక. ఆరేదాకా ఈ రంగు మన మాట ఇంటాది. చెప్పు, ఏ పడవ ఎట్ట తిరగాల?"

అప్పటి వరకు నేను మాట్లాడిన మాటలన్నీ కలిపినా, ఆ మధ్యాహ్నం మాట్లాడినన్ని ఉండవు. పొద్దున గాలినే ఉంచుదామనుకున్నాం. రెండు పొద్దులు కష్టపడి బొమ్మ ముగించాం.

రంగు ఆరకముందే బొమ్మను అంచులు పట్టుకుని హాలుకు మోసుకెళ్లారు. మగవాళ్లంతా చుట్టూ మూగారు. నేను తలుపు వెనక నిలబడ్డాను. నీళ్లు తెల్లగా ఉన్నాయని ఒకరంటే, పొద్దున్నే తెల్లగా గాక నీలంగా ఉంటాయా అని ఇంకొకరు కసిరారు. అంతలో మా మేనమామ వేలు చూపించాడు. "అన్నీ పడమరకు మూతి తిప్పినాయి. ఇదొక్కటి తూర్పుకుండాదే! తప్పు!"

పంతులుగారు తల వంచుకున్నారు. జవాబు అక్కకు తెలుసు, నేను చెప్పి వేయించిన పడవే అది. అయినా అక్క నోరు తెరవలేదు. నా వైపు చూసి ఊరుకుంది.

నేను తలుపు వదిలి ముందుకొచ్చాను. "అది కట్టేసిన పడవ కాదు మామా. గెడేసి తోసుకుంటా పోతాండారు. చేతిలో గెడ చూడు."

మామ వంగి చూశాడు. సన్నటి గీతలా గెడ కనిపించింది. "కళ్లజోడు యాడ పెట్టినావురా?" అని ఎవరో అన్నారు. హాలంతా గొల్లుమంది. తాతయ్య నవ్వలేదు. బొమ్మ దగ్గరగా వచ్చి, "పొద్దు ఇంకా ఎనిమిది కాలే. పడమటి గాలి. ఇంకాసేపటికి తిరగతాది" అన్నాడు, ఎదురుగా సరస్సు ఉన్నట్టే. తర్వాత మేకు కొట్టమన్నాడు. బొమ్మను పైకెత్తడానికి ఒక కొస పంతులుగారే పట్టుకున్నారు.

అక్క కృష్ణపట్నం పోలేదు. ఇప్పటికీ బొమ్మలే వేస్తోంది. నలుగురి ముందు మాట్లాడాల్సి వస్తే నాకు ఈ రోజుకీ మొదట మాట పెగలదు. అప్పుడు, జవాబు తెలిసి కూడా నా కోసం ఊరుకున్న అక్క ముఖం గుర్తొస్తుంది, మాట వచ్చేస్తుంది. ఆ రోజు బొమ్మ తగిలించాక అందరూ చాపల మీద కూర్చుంటుంటే నేను మళ్లీ తలుపు వైపు నడిచాను. తాతయ్య నన్ను కేకేసి, తన పక్కనున్న పెద్దమనిషిని కొంచెం జరగమని, చాప మీద చేత్తో తట్టి చూపించాడు.

"ఆడికెందుకు మే పోతావు? ముందరికొచ్చి కూచో."